మీటకు తన అక్షరం తెలియదు

వానలు వెనక్కి తగ్గి ఎండ నిలకడగా కాయడం మొదలైతే, అటక మీది సామాను దించి ఆరబెట్టడం అమలాపురంలో మా ఇంట్లో ఏటా ఉండే పని. రెండేళ్ల కిందట అలా దించిన ఒక అట్టపెట్టెలో మూడు కీప్యాడ్లు బయటపడ్డాయి. మా మేనమామ 1980లలో అమెరికాలో ఉద్యోగం చేసి వస్తూ తెచ్చుకున్నవి అవి. వాటిని తగిలించిన యంత్రాలు ఎప్పుడో చెడిపోయి పాత సామాను వాళ్ల బండి ఎక్కాయి. కీప్యాడ్లు చిన్నవి కాబట్టి, ఎవరి కంటా పడక మిగిలిపోయాయి.

ఇలాంటివి చేతికి దొరికినప్పుడు మనం రెండే మాటలు వింటాం. ఒకటి, పారేయమని. రెండోది, గాజు బీరువాలో పెట్టి చూసుకోమని. ఈ రెండేళ్లలో నాకు అర్థమైనది వేరు. ఇవి ఈ రోజుకీ పని చేస్తాయి, ఇంట్లో నిజమైన అవసరానికి పనికి వస్తాయి. అయితే మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. పైకి అన్నీ మీటలున్న పెట్టెలే అయినా లోపలి ఏర్పాటు వేర్వేరు. మొదట్లో నాకు ఎదురైన చిక్కులన్నీ అది తెలియక వచ్చినవే.

ముందుగా ఆ మూడూ ఏమిటో చెబుతాను. మొదటిది అటారీ 2600 ఆటల యంత్రానికి తగిలించే సీఎక్స్-50. టెలిఫోను మీద ఉన్నట్టే 12 మీటలు, అడుగున నక్షత్రం (*), సున్నా, గడి గుర్తు (#). అటారీ వాళ్లు ఆ యంత్రానికి బేసిక్ భాష నేర్పే క్యాట్రిడ్జ్ ఒకటి విడుదల చేశారు. దానికి ఇలాంటి కీప్యాడ్లు రెండు పక్కపక్కన తగిలించి ప్రోగ్రాం రాసేవారు. ఆ యంత్రంలో పని చేసే జ్ఞాపకశక్తి 128 బైట్లే. అంత ఇరుకులో ఒక ప్రోగ్రాం భాషను ఇమిడ్చినవారి పట్టుదల తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. రెండోది సీఎక్స్-85. ఇది అటారీ 400, 800 ఇంటి కంప్యూటర్లకు 1982లో వచ్చిన లెక్కల కీప్యాడ్. దీనికి 17 మీటలు. అంకెలతో పాటు అవును, కాదు, తుడిచివేత, ఎస్కేప్ మీటలు కూడా ఉన్నాయి. చిల్లర లెక్కలు, జమాఖర్చులు రాసుకునేవారికోసం తయారైంది. మూడోది 1984 నాటి ఆపిల్ మెకింటోష్‌కు విడిగా అమ్మిన అంకెల కీప్యాడ్. ఆ తొలి మెకింటోష్ కీబోర్డు మీద అంకెల వరుస పక్కన విడిగా అంకెల గడి లేదు, బాణం మీటలూ లేవు. అందుకే విడిగా కొనుక్కోవలసి వచ్చేది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏ మీట నొక్కామో తేల్చే పని ఎవరిది? కీప్యాడ్‌దా, కంప్యూటర్‌దా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా దారి దానంతట అదే కనిపిస్తుంది.

సీఎక్స్-50లో ఆ పని పూర్తిగా కంప్యూటర్‌దే. కీప్యాడ్‌లో ఉన్నవి తీగలు, మీటలు, రెండు నిరోధకాలు (రెసిస్టర్లు). అంతే. 12 మీటలకు 12 తీగలు లాగకుండా ఏడు తీగలతో ఎలా సరిపెట్టారో ధవళేశ్వరం కాలువల కింద పెరిగిన వారికి చెప్పడం తేలిక. నాలుగు అడ్డ కాలువలు, వాటిని దాటుతూ మూడు నిలువు బోదెలు ఉన్నాయనుకోండి. కాలువ, బోదె కలిసే ప్రతి చోటా ఒక తూము. మీట నొక్కడమంటే ఆ తూము తెరవడం. కంప్యూటర్ ఒక్కో కాలువకు వంతులవారీగా నీరు వదిలి, ఏ బోదె తడిసిందో చూస్తుంది. రెండో కాలువకు నీరు వదిలినప్పుడు మూడో బోదె తడిస్తే, అవి కలిసే చోట ఉన్న తూము తెరిచి ఉన్నట్టే. అంటే ఆరో మీట నొక్కినట్టు. ఈ వంతులన్నీ సెకనులో చిన్న ముక్కలో పూర్తయి మళ్లీ మొదలవుతాయి.

ఈ ఏర్పాటుకు ఒక పేచీ ఉంది. ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో ఉన్న మూడు తూములు ఒకేసారి తెరిస్తే, నీరు ఒక తూము గుండా బోదెలోకి, అక్కడి నుంచి వెనక్కి మరో కాలువలోకి, మళ్లీ ఇంకో బోదెలోకి పారుతుంది. నాలుగో మూలలో ఎవరూ ముట్టని మీట కూడా నొక్కినట్టు కనిపిస్తుంది. దీన్ని దయ్యపు మీట అంటారు. ప్రతి తూముకూ నీటిని ఒకే వైపు పోనిచ్చే తలుపు పెడితే ఈ బాధ ఉండదు. ఎలక్ట్రానిక్స్‌లో ఆ తలుపు పేరు డయోడు. సీఎక్స్-50లో అవి లేవు. కాబట్టి ఒకేసారి మూడు మీటలు నొక్కవలసిన పనికి ఈ రకం కీప్యాడ్‌ను పెట్టుకోకూడదు. లోపల డయోడ్లు అతికించవచ్చు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. నలభై ఏళ్లు చెక్కు చెదరకుండా వచ్చిన వస్తువును కోసి అతికించడం నాకు ఇష్టం లేదు. చేసే మార్పు ఏదైనా దాని ప్లగ్గుకు ఇవతలే చేయాలని నేను పెట్టుకున్న నియమం.

సీఎక్స్-85లో సగం పని కీప్యాడే చేస్తుంది. లోపల ఒక చిన్న చిప్పు నొక్కిన మీటను గుర్తుపట్టి, దాని సంఖ్యను తీగల మీద పెడుతుంది. అటారీ కంప్యూటర్‌కు జాయ్‌స్టిక్ తగిలించే రంధ్రమే దీనికీ ఆధారం. జాయ్‌స్టిక్‌లో పైకి, కిందికి, ఎడమకు, కుడికి అని చెప్పే నాలుగు తీగలు ఇక్కడ సంఖ్యను మోస్తాయి. కాల్పు మీట తీగ, ఇప్పుడు ఏదో ఒకటి నొక్కారని చెబుతుంది. నాలుగు తీగల మీద, ఒక్కొక్కటి ఉంది లేదు అనే రెండు స్థితులతో, 16 సంఖ్యలే కుదురుతాయి. మీటలేమో 17. ఆ పదిహేడోదాని కోసం, ప్యాడిల్ అనే తిప్పుడు పిడి ఆటలకు ఆ రంధ్రంలోనే ఉన్న తీగను ఐదోదిగా వాడుకున్నారు. ఈ చిన్న లెక్క చూసినప్పుడు, దీన్ని గీసిన ఇంజినీరు కాగితం మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంటున్నట్టు నాకు అనిపించింది.

మెకింటోష్ కీప్యాడ్ పూర్తిగా తెలివైనది. దానికి సొంత మైక్రోకంట్రోలర్, అంటే చిన్న కంప్యూటర్ లాంటి చిప్పు, ఉంది. నాలుగే తీగలు: విద్యుత్తు, భూమి (గ్రౌండ్), సమాచారం, లయ చెప్పే గడియారపు టిక్కులు. కంప్యూటర్ ప్రశ్న పంపుతుంది, కీప్యాడ్ జవాబు పంపుతుంది. కీబోర్డుకూ కంప్యూటర్‌కూ మధ్య కూర్చుని రెండు వైపులా మాట అందిస్తుంది. దీన్ని నడపాలంటే తీగలు కలిపితే చాలదు, దాని భాష తెలియాలి. ఔత్సాహికులు ఆ భాషను విప్పి, ఉచితంగా పంచిన ప్రోగ్రాంలు ఉన్నాయి. నేను వాటినే వాడుకున్నాను.

ఇక్కడ రెండు హెచ్చరికలు. అటారీ కీప్యాడ్ల ప్లగ్గు తొమ్మిది పిన్నులది. పాత పీసీల వెనుక ఉండే సీరియల్ పోర్టు కూడా అచ్చం అలాంటిదే, బిగుతుగా సరిపోతుంది కూడా. కానీ అందులో ఆర్ఎస్-232 సంకేతాలు ఉంటాయి. అవి సున్నాకు పైనా కిందా పన్నెండు వోల్టుల దాకా ఊగుతాయి. ఐదు వోల్టులకు తయారైన చిప్పును అక్కడ తగిలించడమంటే దాన్ని చంపడమే. ఆకారం కలిసింది కదా అని గుచ్చవద్దు. మెకింటోష్ కీప్యాడ్ తీగదీ అలాంటి మోసమే. అది టెలిఫోను రిసీవరు తీగలా ఉంటుంది. అయితే రిసీవరు తీగలో ఒక చివరికీ మరో చివరికీ పిన్నుల వరుస తిరగబడి ఉంటుంది, మెకింటోష్ తీగలో నేరుగా ఉంటుంది. తప్పు తీగ పెడితే విద్యుత్తు పోకూడని చోటికి పోతుంది. మీటరుతో చివర నుంచి చివరకు సరిచూసుకున్నాకే తగిలించాలి.

ఈ కీప్యాడ్లకూ నేటి కంప్యూటర్‌కూ మధ్య ఒక దుబాసీ కావాలి. ఏటీమెగా32యూ4 చిప్పున్న చిన్న ఆర్డ్యుయినో తరహా బోర్డు, అంటే మనమే ప్రోగ్రాం రాసి నడిపించుకునే బోర్డు, అందుకు చక్కగా సరిపోతుంది. ఆ చిప్పు యూఎస్‌బీ కీబోర్డులా తనను తాను పరిచయం చేసుకోగలదు. అందరి దగ్గరా ఉండే ఆర్డ్యుయినో యూనో పాత రకాల్లోని (ఆర్3 వరకు) ప్రధాన చిప్పుకు ఆ శక్తి లేదు. ఇది తెలియక యూనో కొని నిరాశపడినవాళ్లు ఉన్నారు. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో కూడా పనికి వస్తుంది కానీ అది 3.3 వోల్టుల బోర్డు, దాని పిన్నులు ఐదు వోల్టులను తట్టుకోవు. సీఎక్స్-50 లాంటి చిప్పులేని కీప్యాడ్‌కు 3.3 వోల్టులే ఇస్తే ఏ బాధా లేదు. సీఎక్స్-85కు మాత్రం ఐదు వోల్టుల బోర్డు వాడడం మేలు.

తీగలు కలిపే పని చిన్నదే. రాజమహేంద్రవరంలో టీవీ మరమ్మతు సామాను అమ్మే దుకాణంలో తొమ్మిది పిన్నుల మగ ప్లగ్గు దొరికింది. ఈ రెండు అటారీ యంత్రాలకూ పిన్నుల వరుస ఒకటే. ఒకటి నుంచి నాలుగు దిశల తీగలు, ఐదు, తొమ్మిది తిప్పుడు పిడులు, ఆరు కాల్పు మీట, ఏడు ఐదు వోల్టులు, ఎనిమిది భూమి. సీఎక్స్-50లో ఒకటి నుంచి నాలుగు అడ్డ గీతలు, ఐదు, తొమ్మిది, ఆరు నిలువు గీతలు. ఐదు, తొమ్మిదికి పైకి లాగే నిరోధకాలు, అంటే మీట నొక్కనప్పుడు తీగను ఐదు వోల్టుల దగ్గర నిలిపి ఉంచేవి, కీప్యాడ్‌లోనే ఉన్నాయి. ఆరుకు లేదు, దానికి బోర్డు లోపలి నిరోధకాన్ని ప్రోగ్రాంలో ఆన్ చేయాలి. నేను మొదట అది చేయలేదు. మూడో నిలువు వరుస మీటలు వాటంతట అవే పలికేవి. లోపం కీప్యాడ్‌లో ఉందనుకుని రెండు రోజులు అనవసరంగా దాన్ని శుభ్రం చేశాను.

ఇంకో జాగ్రత్త కూడా ప్రోగ్రాంలోనే ఉంది. వంతు లేని అడ్డ గీతలను ఊరికే వదిలేయాలి, వాటిని ఐదు వోల్టులకు నెట్టకూడదు. లేకపోతే ఒకే నిలువు వరుసలో రెండు మీటలు కలిపి నొక్కినప్పుడు బోర్డు పిన్నులు రెండు ఎదురెదురుగా ఢీకొంటాయి. మీట నొక్కిన క్షణంలో లోపలి లోహం కొన్ని మిల్లీసెకన్లపాటు అంటీ అంటకుండా అదురుతుంది. పాతబడినవి ఇంకాస్త ఎక్కువగా అదురుతాయి. అందుకే 20 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చూసుకునేలా రాశాను. సీఎక్స్-85కు ఏ మీటకు ఏ సంఖ్య అన్న పట్టిక కోసం వెతకనవసరం లేదు. ఒక్కో మీటా నొక్కి, తెర మీద వచ్చిన సంఖ్యను కాగితం మీద రాసుకుంటే పావుగంటలో పట్టిక తయారవుతుంది.

కోనసీమలో ఉప్పుగాలి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మూడింటిలోనూ తీగల చివర్ల మీద పచ్చటి చిలుము పట్టింది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే కొంత పోతుంది. బయటికి కనిపించే రాగి మీద పెన్సిల్ రబ్బరు మెల్లగా రుద్దవచ్చు. నల్లటి కార్బన్ చుక్కలుంటే మాత్రం రుద్దకూడదు, అది పూత, ఒకసారి పోతే తిరిగి రాదు. తడి లాగుతుందని బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. వద్దు. బియ్యపు పొడి మీటల సందుల్లో చేరుతుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బా, నాలుగు సిలికా జెల్ పొట్లాలు చాలు.

ఇక ఉపయోగాలు. కొన్ని వందల రూపాయలకు కొత్త యూఎస్‌బీ అంకెల ప్యాడ్ దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. డబ్బు ఆదా కోసమైతే వద్దనే చెబుతాను. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఒక బంధువు, గట్టు మీద మేత లెక్క నమోదు చేసుకోవడానికి ఒకటి ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. ఉప్పునీటి తుంపర పడే చోట కొత్త పొర కీప్యాడ్ పెట్టి, చెడితే మార్చుకోవడమే న్యాయం. పాతవి తగిన చోట్లు వేరే ఉన్నాయి: కొద్ది మీటలు చాలే పని, చూపు తెర మీదో కాగితం మీదో ఉండి వేళ్లు మాత్రం తడుముకునే పని, రోజూ అదే పని.

మా బావ రావులపాలెం దగ్గర ధాన్యం వ్యాపారం చేస్తాడు. బస్తా 75 కిలోల లెక్క. కాటా పట్టేవాడు బరువు పలుకుతుంటే ఆయన లాప్‌టాప్‌లో ఎక్కించుకోవాలి, దానికి అంకెల గడి లేదు. సీఎక్స్-85 ఆయన బల్ల మీదికి వెళ్లింది. అంకె కొట్టి ఎంటర్ నొక్కితే బరువు పడుతుంది. కాదు మీట ఆఖరి బరువును తుడుస్తుంది. అవును మీట ఆ రైతు లెక్క ముగించి, కింది వరుసలో తర్వాతి రైతు దగ్గరికి తీసుకుపోతుంది. ఒక్క మీటకు ఐదారు మీటల పని అప్పగించడం దుబాసీ బోర్డులో రెండు మూడు వరుసల ప్రోగ్రాం. ఒక చిన్న సంగతి: యూఎస్‌బీలో పక్క గడి అంకెలకూ పై వరుస అంకెలకూ వేర్వేరు సంకేతాలున్నాయి. పక్క గడివి నమ్ లాక్ మీద ఆధారపడతాయి. పై వరుసవే పంపేలా రాస్తే ఆ తలనొప్పి ఉండదు.

నా మనసు పట్టినది మాత్రం సీఎక్స్-50 మీద. అటారీ వాళ్లు ఆ కీప్యాడ్ మీద కప్పడానికి ఆటకొక పలచని ముసుగు ఇచ్చేవారు. కింద అవే 12 మీటలు, పైన ముసుగు మారితే అర్థం మారుతుంది. మీటకు తన అక్షరం తెలియదు. అక్షరం ముసుగులో ఉంటుంది, ప్రోగ్రాంలో ఉంటుంది. మరి తెలుగు ముసుగు ఎందుకు ఉండకూడదు?

లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలిగింది. గుణింతంలో తలకట్టు దానంతట అదే వస్తుంది, దానికి మీట అక్కరలేదు. దీర్ఘం, గుడి, గుడి దీర్ఘం, కొమ్ము, కొమ్ము దీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం కలిపి 11. ఒత్తులకు ఆధారమైన పొల్లు కలిపితే సరిగ్గా 12. సుడులు రెండూ, సున్న, విసర్గ కూడా చేర్చితే 16 అవుతాయి. సీఎక్స్-85 మీద ఇంకో మీట మిగులుతుంది.

యూఎస్‌బీ కీబోర్డు కంప్యూటర్‌కు అక్షరాలు పంపదు, మీటల స్థానాలే పంపుతుంది. అది క అవుతుందా ఇంకేదైనా అవుతుందా అన్నది కంప్యూటర్‌లో ఎంచుకున్న అమరిక తేలుస్తుంది. అందుకని కంప్యూటర్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరిక, అంటే భారతీయ భాషలకు ప్రమాణంగా ఉన్న కీబోర్డు అమరిక, పెట్టాను. అందులో పొల్లు డీ మీట మీద, దీర్ఘం ఈ మీద, గుడి ఎఫ్ మీద, ఏత్వం ఎస్ మీద ఉంటాయి. నా కీప్యాడ్ మీద దీర్ఘం నొక్కితే బోర్డు ఈ మీట సంకేతం పంపుతుంది, అంతే. కంప్యూటర్‌కు అటారీ ఊసే తెలియదు.

గోదావరి అని రాయాలంటే గ, ద, వ, ర కుడి చేతితో కీబోర్డు మీద, ఓత్వం, దీర్ఘం, గుడి ఎడమ చేతితో కీప్యాడ్ మీద. ఏడు నొక్కులు, రెండు చేతులకూ పంచిన పని. ఇన్‌స్క్రిప్ట్ రూపకర్తలు కూడా గుణింతపు గుర్తులను ఎడమకు, హల్లులను దాదాపు కుడికి పెట్టారు. దాదాపు అనడానికి కారణం మ, న, వ లాంటివి. అవి కింది వరుసలో ఎడమ వైపుకు జరిగి ఉన్నాయి. ఎడమ చేయి కీప్యాడ్ మీద ఉన్నవారు వాటికోసం కుడి చేయి చాచాలి. మొదటి వారం ఆ సాగతీత నన్ను చాలా విసిగించింది. ఇప్పటికీ వేగంలో నేను పాత అలవాటు కంటే ముందున్నానని చెప్పలేను. కానీ కొత్తగా నేర్చుకునే పిల్లలకు గుణింతం వారు వల్లె వేసిన క్రమంలోనే వేళ్ల కింద ఉండడం వేరే అనుభవం.

ఆ పిల్లల్లో మొదటిది మా మేనకోడలు, మూడో తరగతి. ముసుగు తనే గీసింది, మందపాటి కాగితం మీద స్కెచ్ పెన్నుతో, పైన పారదర్శకపు టేపు అతికించి. తెలుగులో ఔత్వం కంటే సున్న ఎంతో ఎక్కువగా వస్తుంది కాబట్టి, 12 మీటల్లో ఔత్వం తీసేసి సున్నకు చోటిచ్చాం. ఓత్వం మీటను కాస్త ఎక్కువసేపు నొక్కితే ఔత్వం వస్తుంది. మొదటి రోజు కూర్చుని తన పేరు, అమ్మ పేరు, అమలాపురం రాసింది. తర్వాత తన స్నేహితురాలి పేరు రాయబోయి ఆగిపోయింది.

"మామయ్యా, కృష్ణవేణికి సుడి ఏది?"

మీటల మీద ఎక్కడా లేదు. ఆ సాయంత్రమే ప్రోగ్రాం మార్చాను. కొమ్ము మీటను ఎక్కువసేపు నొక్కితే ఇప్పుడు సుడి వస్తుంది. ముసుగు మీద కొమ్ము పక్కన తను ఎర్ర పెన్నుతో చిన్న సుడి గీసుకుంది.